సున్నంలో ఉడికిన మక్కలు

తడిసిన గింజ కంటబడితే మొగిలమ్మ చెయ్యి ఊరుకోదు. ముప్పై ఏళ్లుగా హసన్‌పర్తిలో మక్క, అంటే మొక్కజొన్న, పండిస్తున్న మనిషి. చెడగొట్టు వానకు కల్లం తడిసినప్పుడల్లా వానను తిట్టుకుంటూ రోడ్డు మీద పరిచి గింజను దక్కించుకున్న మనిషి. అందుకే నిన్న పొద్దున గంజు గిన్నెలో నానుతున్న పది కిలోల మక్కలను శుభ్రంగా కడిగి, డాబా మీద చాపలు పరిచి ఎండబోసింది. పుణ్యం చేశాననే అనుకుంది.

ఆ మక్కలు లూసియావి. మెక్సికో నుంచి వాలంటీరుగా వచ్చి, ఆరు నెలలుగా ఊరి సర్కారు బడిలో ఇంగ్లీషు చెబుతున్న పిల్ల. ఉండేది మొగిలమ్మ ఇంట్లోనే. వచ్చిన వారానికే ఊరు ఆమెను లూసమ్మను చేసేసింది. ఆమె తినని ఇల్లు లేదు, ఆమెను పొయ్యి దగ్గరికి రానిచ్చిన ఇల్లూ లేదు. చుట్టం చేత వండించుకుంటే పరువు ఉంటుందా?

లూసమ్మకు అదే బెంగ. తిన్న ఊరికి ఒక్క పూటైనా వండిపెట్టకుండా వస్తే ఆ తిండి ఒంటికి పట్టదని వాళ్ల అమ్మమ్మ మాటట. రేపు తెల్లవారితే తిరుగు ప్రయాణం. అందుకని ఈ సాయంత్రం మహిళా సంఘం ఆడవాళ్లు నలభై మందికీ తమ ఇంటి మక్కరొట్టె పెడతానని పట్టుబట్టింది. మొగిలమ్మ ఒప్పుకుంది. ఒప్పుకోవడమే కాదు, సంఘంలో నలుగురి ముందూ జబ్బ చరిచి మరీ చెప్పింది.

"మక్కలు కోళ్ల దాణా గదనే మొగిలక్కా! గవి సున్నంల ఉడకబెట్టి మాకు పెడతదా? నోరు పొక్కితే దవాఖానకు ఎవలు తీస్కపోవాలె?" అంది సమ్మమ్మ. సంఘమంతా ఒకటే నవ్వు.

తాంబూలంలో రాసుకునే సున్నమే అది. మొన్న సాయంత్రం లూసమ్మ ఆ సున్నం కలిపిన నీళ్లలో మక్కలు ఉడికించి, అందులోనే నాననిచ్చి, కాగితాల పని మీద నిన్న తెల్లవారుజామునే హైదరాబాదు పోయింది. పోతూ పోతూ, పొద్దున కడిగి తడిబట్ట కప్పి ఉంచమని మొగిలమ్మకు చెప్పింది. మొగిలమ్మ విన్నది. విని, తడి గింజ మీద తడిబట్ట కప్పడం ఎక్కడి తెలివిరా భగవంతుడా అనుకుని, తన తెలివి వాడింది.

ఇవాళ మధ్యాహ్నం బస్సు దిగి వచ్చిన లూసమ్మ డాబా ఎక్కి చూసింది. రెండు రోజుల ఎండకు మక్కలు గలగలమంటున్నాయి.

"అమ్మా... ఎండిపోయినయ్."

"ఎండబోసిన బిడ్డా. లేకుంటే పాశిపోవూ?"

"తడిగనే రుబ్బాలె అమ్మా. మళ్ల నానబెట్టాలంటే ఒక రాత్రి కావాలె. నేను రేపు పోత."

అరవలేదు, కోప్పడలేదు. చాప మీద కూలబడి గింజలను వేళ్లతో కెలుకుతూ ఉండిపోయింది. అది చూసి మొగిలమ్మకు ప్రాణం చివుక్కుమంది. సమ్మమ్మ నవ్వితే నవ్వింది, పోనీ. పిల్ల ఊరికి వండిపెట్టకుండానే పోతుందే! అదీ తన మూలంగా!

"లే బిడ్డా. చెడగొట్టింది నేను, జర నన్ను చూడనియ్యి" అంటూ మక్కలు మూటగట్టి నెత్తికెత్తుకుంది. ఎండిన గింజను ఏం చేయాలో ఆమెకు ఒకరు చెప్పాలా? తిన్నగా రమాకాంత్ పిండి గిర్నికి నడిచింది. లూసమ్మ వెనకాలే వచ్చింది, మొహం వేలాడేసుకుని.

పిండి పడుతూ పడుతూ రమాకాంత్ ముక్కు ఎగబీల్చాడు. "గిదేం మక్కనే అత్తా? గిర్నంత కమ్మటి వాసనొస్తాంది."

ఇంటికొచ్చాక మొగిలమ్మ మసిలే నీళ్లు పోసి, జొన్నరొట్టెకు కలిపినట్టే ముద్ద కలిపింది. మామూలు మక్కపిండి అయితే ఒత్తగానే అంచులు పగిలిపోతాయి. ఇది పగల్లేదు. మళ్లీ ఒత్తింది. పగల్లేదు. లూసమ్మ గబుక్కున ఓ ఉండ లాక్కుని, రెండు అరచేతుల మధ్య టపటపా చరిచి పెనం మీద వేసింది. రొట్టె బుస్సున పొంగింది.

లూసమ్మ పెట్టిన కేకకు గోడ మీది పిల్లి దూకి పారిపోయింది. పిండి చేతులతోనే మొగిలమ్మను వాటేసుకుంది. "మా దగ్గర దుకాణంల ప్యాకెట్ పిండి ఇట్లనే ఎండబెట్టి పడతరు! అమ్మమ్మ దాన్ని ఇంట్లకు రానియ్యది. అందుకే నాకు యాదికి రాలే!"

సాయంత్రం బడి ఆవరణలో మూడు పొయ్యిలు వెలిగాయి. చపాట మిరపకాయలు, టమాటాలు కాల్చి లూసమ్మే పచ్చడి నూరింది. మొదటి రొట్టె సమ్మమ్మకే వేసింది. సమ్మమ్మ గోరంత తుంచి, నోట్లో వేసుకుని, నమిలింది. నలభై మందీ ఆమె మొహమే చూస్తున్నారు.

"ఏందే, అందరు నన్నే చూస్తాన్రు?" అంటూ మిగతా రొట్టె చుట్టి చుట్టి లోపలేసుకుంది. "ఇంగో రెండు వెయ్యి బిడ్డా. సున్నం ఎంతెయ్యాల్నో గూడ జెప్పు."

ఇక పొయ్యిల దగ్గర జాతరే. పది కిలోల పిండి గంటన్నరలో ఊడ్చుకుపోయింది. మొగిలమ్మ గర్వం పట్టడానికి ఆవరణ చాల్లేదు. చివరి రొట్టెలు లూసమ్మ ఎవరికీ ఇవ్వలేదు. మొగిలమ్మను రెక్క పట్టి లాగి కూర్చోబెట్టి, కంచం ముందు పెట్టింది. ఆరు నెలలు తిండి పెట్టిన మనిషి, కళ్లు తుడుచుకుంటూ నాలుగు రొట్టెలు తిన్నది.

అప్పుడే లూసమ్మ ఫోనులో అమ్మమ్మ కనిపించింది. అక్కడ అప్పుడే తెల్లారుతోంది. తలకు శాలువా చుట్టుకున్న ముసలమ్మ గట్టిగా ఏదో అడిగింది.

"ఏమంటాంది?" అంది మొగిలమ్మ.

"అందరు తిన్నరా అని అడుగుతాంది."

మొగిలమ్మ లేచి ఫోను అందుకుని సంఘం వైపు తిప్పింది. నలభై మంది ఆడవాళ్లు, సమ్మమ్మ గొంతు అందరికంటే పైన, ఒక్కసారిగా అన్నారు.

"కడుపు నిండ తిన్నం!"