ట్యూబులైటు మోత

చొక్కా తిరగేసి పట్టుకుని, మెడ దగ్గరి లేబులు కుట్టుని ఒక్కొక్క పోగే కత్తిరిస్తున్నాను. తొందరపడి లేబులు మధ్యకి కత్తిరిస్తే అంచు మిగిలిపోతుంది. ఆ మిగిలిన ముక్క మొత్తం లేబులు కంటే ఎక్కువ గుచ్చుతుంది. అందుకే చిన్న కత్తెర, కిటికీ పక్కన కుర్చీ, బోలెడంత ఓపిక. పెళ్ళయిన కొత్తలో ఇంట్లో అందరి బట్టలకీ ఈ సేవ చేశాను. నా మెడకి గుచ్చుకునేది వాళ్ళకీ గుచ్చుకుంటుందనీ, పాపం ఎవరికీ తీసుకునే తీరిక లేదనీ అనుకున్నాను. మా ఆయన కొత్త చొక్కా బిగుతైందని మార్చుకోవడానికి దుకాణానికి పట్టుకెళ్తే, లేబులు లేని చొక్కా మేం తీసుకోం పొమ్మన్నారట. ఇంటికొచ్చి, "లేబులు నిన్నేం చేసింది?" అన్నాడు.

"గుచ్చుకుంటుంది కదా" అన్నాను.

"ఎవరికి?"

ఆ ప్రశ్నకి జవాబు దొరకడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

అప్పటినుంచి ఇంట్లో నా పేరు కత్తెరమ్మ. పెట్టింది మా ఆయన అక్క, మా వదిన. నవ్వుతూనే పెట్టింది, కాదనను. అత్తయ్య మాత్రం తర్వాతెప్పుడో రెండు కొత్త నైటీలు తెచ్చి నా కుర్చీ మీద పెట్టి వెళ్ళిపోయింది. లేబుళ్ళు తీసి, మడతపెట్టి, ఆవిడ మంచం మీద పెట్టాను.

నేను కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాను. వెనక గదిలో, అద్దాల్ని ఫ్రేముకి తగ్గట్టు అరగదీసి బిగించే పని. తిరిగే రాయి మీద నీళ్ళు పడుతుంటే, అద్దం అంచు దానికి ఆనీ ఆననట్టు ఆనించినప్పుడు, నాకు ఇంకేమీ అక్కర్లేదనిపిస్తుంది. ఆ రాయి చప్పుడు నన్ను బాధపెట్టదు. నేను పెడితే మొదలై, నేను ఆపితే ఆగే చప్పుడు అది. ముందు గదిలో మనిషి తక్కువైన రోజుల్లోనే ఇబ్బంది. యజమాని నన్ను కౌంటరు దగ్గర నిలబెట్టి, "వచ్చినవాళ్ళ కళ్ళల్లోకి చూసి మాట్లాడమ్మా, గోడతో మాట్లాడినట్టు మాట్లాడతావేం" అనేవాడు. కళ్ళల్లోకి చూస్తే నాకు మాటలు బుర్రకెక్కవు. మాటలు వినాలంటే కళ్ళు వదిలెయ్యాలి. చివరికి ఒక ఉపాయం దొరికింది. ముక్కు మీద, సరిగ్గా ఫ్రేము కూర్చునే చోటు చూడటం. ఎదుటివాళ్ళకి కళ్ళల్లోకి చూస్తున్నట్టే ఉంటుంది. యజమాని మెచ్చుకున్నాడు. ఇప్పటికీ వీధిలో ఎవరైనా పలకరిస్తే నేను ముందు వాళ్ళ ముక్కునే గుర్తుపడతాను.

ఇంట్లో ఆదివారాలకి మాత్రం ఏ ఉపాయమూ లేదు. మా ఆయన తరఫు వాళ్ళందరూ భోజనానికొస్తారు. పొద్దున్నే లేచి అంతమందికి వండటం నాకు కష్టమనిపించదు. కూరగాయలు ఒకే కొలతలో తరగడం, గిన్నెలు వరసలో పెట్టడం నాకిష్టం కూడా. ఆ వంట పనని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, అది వేరే సంగతి. వాళ్ళు లెక్కేసేది భోజనాల తర్వాత హాల్లో కూర్చోవడాన్ని. టీవీ, నాలుగు వైపుల నుంచి నాలుగు కబుర్లు, పైన ట్యూబులైటు మోత. కాసేపటికి నా చెవుల్లో అన్నీ కలిసి ముద్దైపోతాయి. ఎవరో ఏదో అడుగుతారు, నేను వేరేదేదో చెబుతాను, నవ్వుతారు. మెల్లగా జారుకుని ఇంటి వెనక గట్టు మీద కూర్చుంటాను. "ఉద్యోగం చేస్తున్నానని పొగరు" అంటుంది వదిన. పోయినసారి బట్టలుతికే మెషిను పక్కన నేల మీద కూర్చుని దొరికిపోయాను. వాళ్ళు వెళ్ళాక మా ఆయన తలుపేసి, "ఈసారి పెద్దమామయ్య కూడా వస్తున్నాడు. చివరి మనిషి చెప్పులేసుకునేదాకా నువ్వు హాల్లోనే ఉండాలి. నా కోసం ఆ మాత్రం ఓర్చుకోలేవా?" అన్నాడు. ఉంటానన్నాను. ఎలా ఉంటానో తెలియకుండానే.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, మా దుకాణంలో కంటి పరీక్షలు చేసే అక్క, అన్నం తింటూ ఫోన్లో ఏవో ప్రశ్నలు చదువుతోంది. వాళ్ళ పాపకి ఆటిజం ఉందేమో చూపించమని బడిలో టీచరు చెప్పిందట. పెద్దవాళ్ళు తమను తాము చూసుకునే ప్రశ్నలు కూడా అందులో ఉన్నాయి. "ఇతరులకి వినిపించని చిన్న చప్పుళ్ళు మీకు వినిపిస్తాయా?" అని పైకి చదివింది.

నాకు నవ్వొచ్చింది. "చప్పుళ్ళు వినిపించకపోవడమేంటక్కా? ఇదిగో, ఈ ట్యూబులైటు పొద్దుట్నుంచీ కూస్తూనే ఉందిగా."

అక్క ముద్ద నోటి దగ్గరే ఆపి పైకి చూసింది. తల పక్కకి వంచి విన్నది. "ఏదీ? నాకేం వినపడట్లేదే."

ఆటపట్టిస్తోందనుకున్నాను. యజమానిని పిలిచి అడిగాం. ఆయన స్టూలెక్కి, ట్యూబులైటుకి చెవి ఆనించినంత పనిచేసి, "సన్నగా ఏదో ఉన్నట్టుందమ్మా" అని దిగాడు.

మా ఊరి బడిలో కరెంటు లేదు. ట్యూబులైటు మోత నాకు ఊరు దాటాకే తెలిసింది. అందరూ దాన్ని వింటూనే నవ్వుతున్నారనీ, వింటూనే కబుర్లు చెప్పుకుంటున్నారనీ, లేబులు గుచ్చుకుంటూనే చొక్కాలు తొడుక్కుంటున్నారనీ, నాకొక్కదానికే ఓర్పు లేదనీ ఇన్నాళ్ళూ నమ్మాను. అసలు వాళ్ళకి మోతే లేదు. వాళ్ళు ఓర్చుకోవడానికి అక్కడ ఏమీ లేదు. ఓర్చుకుంటున్నది నేను. ఇంతకాలం, ఇంతమంది మధ్య, అన్నం వడ్డిస్తూ ఓర్చుకున్నదాన్ని నేనే. నాకు గట్టిగా నవ్వొచ్చింది. అక్క కంగారుపడి మంచినీళ్ళిచ్చింది.

ఆమె ఫోను తీసుకుని ఆ ప్రశ్నలన్నిటికీ కూర్చుని జవాబులిచ్చాను. ఎవరో నా మంచం కింద కాపురముండి నన్ను చూసి రాసినట్టున్నాయి. చివర్లో, ఆటిజం లక్షణాలు బాగా కనిపిస్తున్నాయనీ, ఇదే నిర్ధారణ కాదనీ, డాక్టరుని కలవమనీ వచ్చింది. కలుస్తాను. కానీ ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే నా ఒళ్ళు తేలిగ్గా ఉంది. మా దుకాణంలో మొదటిసారి కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు వీధిలోకి చూసి, "ఆకులు విడివిడిగా ఉంటాయా!" అంటారు. అలా ఉంది నాకు.

మా ఆయనకి చెప్పాను. "ఫోన్లో నాలుగు ప్రశ్నలు చదివి జబ్బు తెచ్చుకున్నావా?" అన్నాడు.

"జబ్బు కాదు. మీ కళ్ళకి సైటున్నట్టు."

కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "సరే గానీ, ఆదివారం మాత్రం హాల్లో కూర్చో."

మర్నాడు అతను వెళ్ళాక అత్తయ్య వంటింట్లోకొచ్చి, "అమ్మాయ్, ఆ ప్రశ్నలేవో నాకూ చదువు" అంది. చదివాను. నేను పూర్తిచేసేలోపే జవాబులు చెప్పేస్తోంది.

"నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే..."

"నెత్తిన గిన్నెలు దొర్లినట్టుంటుంది. తర్వాతది."

"మాట్లాడబోయేది ముందుగా మనసులో అనుకుని..."

"అనుకోకుండా ఎవరైనా ఎలా మాట్లాడతారు? తర్వాతది."

నేను ఫోను పక్కన పెట్టాను. "అత్తయ్యా, ట్యూబులైటు మోత మీకు వినిపిస్తుందా?"

"వినపడక? మీ మామయ్య గడప దాటగానే ఆర్పేసేదాన్ని. కరెంటు బిల్లు కోసమని చెప్పేదాన్ని."

ఇద్దరం నవ్వడం మొదలుపెడితే ఆగలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. అప్పుడడిగాను, మరి ఆదివారాలు అంతసేపు ఎలా కూర్చుంటారని.

"నేనెక్కడ కూర్చుంటాను? ఒంటిని అక్కడ పెట్టి, మనసులో బట్టలు మడతపెట్టుకుంటూ ఉంటాను." పొయ్యి తుడుస్తూ మెల్లగా అంది, "లేచి వెళ్ళొచ్చని నాకెవరూ చెప్పలేదుగా."

ఆదివారం అందరూ వచ్చారు. హాల్లో ట్యూబులైటు ఆర్పేసి కర్టెన్లు పక్కకి లాగాను. "చీకట్లో కూర్చోబెట్టావేం కత్తెరమ్మా?" అంది వదిన. "వెలుతురు చాలు వదినా" అన్నాను. భోజనాలయ్యాయి, టీవీ మొదలైంది, నాలుగు కబుర్లూ మొదలయ్యాయి. మా ఆయన ఎదురుగా కూర్చుని నన్నే చూస్తున్నాడు. చెవుల్లో మాటలు ముద్దవుతుండగా లేచి నిలబడ్డాను. పెద్దమామయ్య ముక్కు మీద చూపు నిలిపి, ముందే మనసులో అనుకున్న మాటలు చెప్పాను.

"ఇంతమంది మాటలు ఒకేసారి నా తలకి పట్టవు. మీ మీద కోపం కాదు. వెనక గట్టు మీద కూర్చుంటాను. ఎవరైనా ఒక్కరొస్తే హాయిగా మాట్లాడతాను. ఇద్దరు మాత్రం రావద్దు."

"దీనికింత ఉపన్యాసమెందుకమ్మా, వెళ్ళి కూర్చో" అన్నాడు పెద్దమామయ్య.

"ఇదివరకు చెప్పకుండా వెళ్ళేది, ఇప్పుడు చెప్పి వెళ్తోంది. అంతే తేడా" అంది వదిన.

మా ఆయన ముఖం ఎర్రబడింది. "అమ్మా, నువ్వైనా చెప్పు దానికి. ఇన్నేళ్ళుగా నువ్వు కూర్చోవట్లేదా?"

అందరూ అత్తయ్య వైపు తిరిగారు. సోఫా చివర ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్న ఆవిడ కొడుకు వైపు చూసింది. సరిగ్గా ముక్కు మీద చూసింది. నాకు నవ్వాగలేదు. ఆవిడ లేచింది. గుమ్మం దగ్గర గుట్టగా పడున్న చెప్పుల్లోంచి తన జత కాలితో వెతికి తీసుకుంది. తొడుక్కుని, గేటు తీసి, ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా వీధిలోకి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.