ఎడమకు పోయిన గుండ్లు

నా కూతురు హేమ కంటిచూపు ఎక్కడ పోతుందోనన్నదే నాకు అన్నింటికంటే పెద్ద భయం. మా అమ్మకు నలభై నిండకముందే, మగ్గం గుంతలో కూచుని నేసి నేసి ఒక కన్ను పోయింది. హేమకు తొమ్మిదేళ్లు. పుస్తకం కాస్త దగ్గరగా పట్టుకున్నా లాగి దూరం పెడతాను. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, డాక్టరును ఏమని అడగాలో కూడా తెలియదు.

ఈ ఏడాది, 2003లో, ధర్మవరం నుంచి కదిరి తేరు తిరనాళ్లకు పోయాం, నేనూ హేమా, మా పక్కింట్లో మగ్గం నేసే ఈశ్వరప్పా. అక్కడ పాపన్న అనే ఆయన బుడగలు కొట్టే అంగడి పెట్టాడు. ప్లాస్టిక్ గుండ్ల తుపాకీ. దానిమీద కొత్తగా దుర్భిణి బిగించాడు. అందులో చూస్తే బుడగ మీద ప్లస్ గుర్తు కనపడుతుంది.

హేమ పది గుండ్లు కొట్టింది. పదీ ఎడమకే పోయాయి.

“ఏం పాపా, బుడగలకు దండం పెట్టి పంపిస్తాండావా?” అని పాపన్న నవ్వాడు.

“నేను గుర్తును బుడగ నడిమద్దెకే పెట్టినా. గుండే ఎడమకు వంగుతాండాది,” అంది హేమ.

“గుండు వంగుతాదంట! అమ్మా, పాప కండ్లు చూపించుకోపో. మెల్ల ఉన్నట్టుండాది.”

బిడ్డ చెయ్యి పట్టి లాగబోతే ఈశ్వరప్ప అడ్డం వచ్చాడు.

“ఉండు తల్లీ. పాపా, ఆ గుండు ఉన్నట్టుండి వంగిందా, మొదట్నుంచీ పక్కకే పోయిందా?”

హేమ ఆలోచించింది. “మొదట్నుంచే తాతా. సగానికాడ అరజానెడు, బుడగకాడ జానెడు.”

“అట్లయితే అది వంగలేదు, నేరుగానే పోయింది. నువ్వు చూసే దిక్కే వేరే.”

“ఏమప్పా, ఇది మగ్గమనుకుంటివా?” అన్నాడు పాపన్న.

“మగ్గాన్ని నీ మాదిరి బిగిస్తే చీరంతా వంకరే పో.”

ఈశ్వరప్ప తుపాకీని బల్ల మీద రెండు ఇటుకల నడుమ కదలకుండా పెట్టించాడు. జేబులోంచి పట్టుపోగు తీసి, గొట్టం మీద వెనక నుంచి కొన దాకా వేలితో తడుముతూ ఆనించాడు. అదే వరసలో బుడగల పలక దాకా లాగమని రెండో కొన పాపన్నకు ఇచ్చాడు. పోగు పచ్చ బుడగకు తగిలింది.

“పాపా, దుర్భిణిలో గుర్తు యాడుండాది?”

“ఎర్రదాని మీద. కుడికి జానెడు.”

పాపన్న పోగు వదిలి వచ్చి తానూ దుర్భిణిలో చూశాడు. గొట్టం ఒక దిక్కు చూస్తోంది, దుర్భిణి ఇంకో దిక్కు చూస్తోంది. దూరం పోయేకొద్దీ ఆ రెండింటికీ ఎడం పెరుగుతుంది. అందుకే చూసేవాళ్లకు గుండు వంగినట్టు ఉంటుంది. నాకే అర్థమయిందంటే చూడండి, ఈశ్వరప్ప ఎంత బాగా విప్పి చూపించాడో! పాపన్నతో మర వదులు చేయించి, దుర్భిణికి ఒక పక్క అగ్గిపెట్టె అట్ట మడిచి దోపాడు. హేమ చూస్తూ “ఇంకొంచెం... ఇంకొంచెం... చాలు తాతా” అంది.

ఆ తర్వాత ఐదు గుండ్లకు నాలుగు బుడగలు పగిలాయి.

“మెల్ల కాదమ్మా, డేగ కండ్లు!” అని పాపన్నే ఒప్పుకున్నాడు.

తిరుగు బస్సులో ఈశ్వరప్పను అడిగాను. “దుర్భిణిలో నువ్వే చూడొచ్చు కదా మామా?”

“నాకు రెండు కండ్లకూ పొరలొచ్చినాయి తల్లీ. దాంట్లో చూస్తే అంతా మంచు కమ్మినట్టే. వేళ్లతోనే నేస్తాండా.”

నా బిడ్డ చూపు సరైనదని తేల్చిన మనిషి తన చూపు సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. ఆపరేషను చేయించుకోమంటే “ఈ చీర మగ్గం దిగనీ” అన్నాడు.

తర్వాతి నెలలోనే మేము ధర్మవరం వదిలి బుక్కరాయసముద్రం వచ్చేశాం. ఆయనకు ఫోను లేదు, ఇంట్లో తోడూ లేరు. ధర్మవరంలో రైలుగేటు దాటాక రెండో సందు, అరుగు మీద నీలిరంగు డ్రమ్ము ఉన్న ఇల్లు. అటు పోయేవాళ్లు ఒక్కసారి లోపలికి పోయి, ఈశ్వరప్ప కండ్లు ఎట్లున్నాయో చూసి రండి.