పేరు రాయని కార్డు

రిసీవరును స్పిరిట్ దూదితో తుడవడం అయింది. ఇక ఫోను లైన్లు కలిపే మీటల పెట్టె మిగిలింది. పాత టూత్‌బ్రష్షుతో మీటల మధ్య ఇరుకుల్లో పేరుకున్న దుమ్మును ఊడ్చి, నోటితో ఉఫ్ అని ఊది, పొడిగుడ్డతో మళ్ళీ ఒకసారి తుడిచిందామె. రేపు ఆ పెట్టెను విప్పి పాత ఇనుప సామాను కొనేవాడికి ఇచ్చేస్తారు. గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడ్డ ఆయమ్మ అది చూసి నవ్వింది.

"రేపు పోయేదానికి ఇవాళ ఈ సింగారాలేంటమ్మా?"

"పోయేది పెట్టె. ఇవాళంతా మాట్లాడాల్సింది నేను కదా," అందామె.

ఆసుపత్రిలో అందరూ ఆమెను హలో అక్క అంటారు. మెట్ల కింద ఉన్న ఈ గదిలో కూర్చుని ఇరవై తొమ్మిదేళ్ళుగా ఫోను ఎత్తుతోంది. ఇవాళ్టితో ఆ ఉద్యోగం ఆఖరు. కుర్చీ వెనక్కి జరిపితే తలుపు తెరుచుకోనంత గది అది. నెత్తిమీద మెట్లెక్కే అడుగుల చప్పుడును బట్టి డాక్టరెవరో, రోగి తాలూకు మనిషెవరో చెప్పేస్తుంది. వయసు యాభై దాటింది. పొట్టి మనిషి, కాస్త ఒళ్ళు చేసింది. రిసీవరు ఒరుసుకుని ఒరుసుకుని కుడిచెవి పైన జుట్టు పల్చబడింది. గొంతు మాత్రం ఇరవయ్యేళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఆ గొంతు విని ముచ్చటపడి, ఆ పిల్ల ఎలా ఉంటుందో చూద్దామని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. వచ్చారు, చూశారు, మందుల షాపు ఎటండీ అని అడిగి వెళ్ళిపోయారు. ఈ సంగతి ఆమే చెప్పి అందర్నీ నవ్విస్తుంది. నవ్వులయ్యాక మాత్రం తల వంచుకుని రిసీవరు తుడుస్తుంది.

సంబంధాలు వచ్చాయి, తప్పిపోయాయి. తర్వాత రావడం మానేశాయి. అక్కాబావల ఇంట్లో వెనకగది ఆమెది. పొద్దున అన్నం డబ్బా చేతికిస్తూ అక్క, "రేపట్నుంచి ఈ కట్టే పని తప్పుతుందిలే," అంది. అక్క మంచికే అంది. అయినా ఆమెకు చివుక్కుమంది.

ఆమె ముఖ్యమైన పని రేటు చెప్పడం. కాన్పుకెంత, కంటికెంత అని ఫోనులో ఎవరడిగినా మందులతో, మంచంతో కలిపి ఇంతవుతుందని చెప్పేది. బల్లమీద అద్దం కింద ఆ రేట్ల కాగితం ఉంటుంది. చెరిపి రాయడానికి వీలుగా అంతా పెన్సిలుతోనే రాసుకుంది. మోకాలి ఆపరేషను దగ్గర మాత్రం చెరిపి చెరిపి కాగితానికి చిల్లు పడింది.

ఆ చిల్లు చూసినప్పుడల్లా ఆమెకు మోకాళ్ళాయన గుర్తొస్తాడు. ఆ పేరు ఆమె పెట్టిందే. ఆయన దర్జీ అని కూడా తనే పోల్చుకుంది. ఫోనులో మాటల వెనక కుట్టుమిషను చప్పుడు వినిపించేది. రేటు చెప్పగానే ఆ చప్పుడు ఆగిపోయేది. ఆరేళ్ళుగా మూడు నెలలకోసారి, నెలలో మొదటి సోమవారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక చేస్తాడు. "మా ఆవిడ మోకాళ్ళకండీ. ఇప్పుడెంత ఉంది?" అంటాడు. ఆమె చెబుతుంది. "ఇంకొంచెం కూడాలండీ," అంటాడు. ఆయన దగ్గర కూడేలోపు ఇక్కడ రేటు ఒక మెట్టు పైకెక్కి కూర్చునేది.

మొదట్లో ఆయన బేరం కూడా ఆడేవాడు. వీధి మూలమీది ఎముకల ఆసుపత్రిలో ఇంతన్నారు, ఎదుటివాళ్ళు అంతన్నారు అని. ముందు మూలమీది దాన్ని పెద్ద కంపెనీ కొనేసింది. తర్వాత ఎదుటిదాన్ని. ఈ ఏడు దీన్ని. మూడింటికీ ఒకే రంగు బోర్డు పడింది. "ముగ్గుర్ని అడిగేవాణ్ణమ్మా, ముగ్గురూ ఒక్కరే అయిపోయారు. ఇంక ఎవరిమీద ఎవర్ని చెప్పుకోను?" అన్నాడు పోయినసారి. ఆమె నవ్వింది. ఫోను పెట్టేశాక అద్దం కింది చిల్లు మీద వేలు పెట్టి చూసుకుంది.

కావలసినవాళ్ళు ఆమెకూ ఉన్నారు. కానీ తన మోకాళ్ళకోసం ఒక మనిషి ఆరేళ్ళపాటు మిషను తొక్కుతూ ధర అడగడమనేది తన బతుకులో జరగలేదు. అలా అడిగించుకునే ఆవిడ ఎలా ఉంటుందో చూడాలని ఉండేది. చెప్పొద్దూ, కాస్త అసూయగా కూడా ఉండేది.

రేపట్నుంచి ఫోనులో రేటు చెప్పకూడదు. ఫోను ఎత్తేది యంత్రం. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంది. ధరలన్నీ ముందు హాల్లో తెరమీద కనిపిస్తాయని టై కట్టుకున్న కొత్త మేనేజరు చెప్పాడు. "అంతా పారదర్శకం మేడమ్," అన్నాడు. ఆమె వెళ్ళి చూసొచ్చింది. ప్రతి అంకె పక్కనా "నుంచి మొదలు" అని ఉంది. మొదలు కనిపిస్తోంది గానీ అది ఎక్కడిదాకా పోతుందో తెరమీద ఎంత వెతికినా దొరకలేదు.

ఒక్క వెసులుబాటు ఉంది. ఇవాళ సాయంత్రం ఐదులోపు రోగి పేరుతో కార్డు నింపి కౌంటర్లో ఇచ్చినవాళ్ళకు మూడు నెలలపాటు పాత రేటే. పొద్దున రాగానే ఆమె తన డబ్బుతో ఒక కార్డు కొంది. జబ్బు దగ్గర మోకాళ్ళు అని రాసి, తేదీ వేయించి, పాత రేటు ముద్ర కొట్టించింది. తీరా పేరు దగ్గరికొచ్చేసరికి కలం ఆగిపోయింది. ఆరేళ్ళలో ఆయన మా ఆవిడ అన్నాడే గానీ పేరు చెప్పలేదు. నంబరు అడిగితే ఏమనుకుంటాడోనని ఆమె అదీ అడగలేదు. ఈ పాత ఫోనులో నంబరు కనబడదు.

"పేరులేని రోగి ఎవరక్కా? ఇంకా పుట్టలేదా?" అని ఆటపట్టించాడు కౌంటరు గుమాస్తా.

"సాయంత్రంలోపు నువ్వే చూస్తావుగా," అంది.

ఇవాళ మొదటి సోమవారం. ఆయన ఫోను చేసే నెల. ఆమె డబ్బా విప్పి రిసీవరు పక్కనే పెట్టుకుని తింది. రెండయింది, మూడయింది. ఎవరో స్కానింగుకెంతని అడిగారు. ఎవరో డాక్టరుగారు ఉన్నారా అన్నారు. ఎత్తిన ప్రతిసారీ హలో అనే ముందు మిషను చప్పుడు కోసం చెవి ఒగ్గింది. నాలుగుంపావుకు మేనేజరు తలుపు సందులోంచి తొంగిచూశాడు.

"ఐదింటికి లైను తీసేస్తారు మేడమ్. మీరు కావాలంటే ఇప్పుడే వెళ్ళిపోవచ్చు."

"ఫోను రావాలండీ," అంది ఆమె.

ఐదుకు పది నిమిషాలుందనగా మోగింది. ఎత్తింది. మిషను చప్పుడు లేదు.

"అమ్మా, నేనండీ. మోకాళ్ళకి అడుగుతుంటాను..."

"మీకోసమే చూస్తున్నానండీ!" అందామె గబగబా, కార్డు దగ్గరికి లాక్కుంటూ. "ఇంత ఆలస్యం చేశారేంటి? ముందు ఆవిడ పేరు చెప్పండి..."

"రేటు అడగడానికి చెయ్యలేదమ్మా. ఇంక అక్కర్లేదు. మూడు వారాలైంది. గుమ్మం దిగుతుంటే కాలు నిలవలేదు. రెండే మెట్లండీ. తలకి తగిలింది."

ఆమె కార్డు మీద నుంచి చెయ్యి తీసేసింది.

"సోమవారం కదా, చూస్తుంటారేమోనని చేశాను. మీకు చెప్పకపోతే బాగుండదనిపించింది. మీతో మాట్లాడినప్పుడల్లా మా ఆవిడ అడిగేది, మన ఫోనమ్మాయి ఏమందీ అని. నేను రేటు చెప్పేవాణ్ణి. అది కాదయ్యా, ఎలా ఉందిట ఆ అమ్మాయి, అనేది."

ఎక్కడో ఒక ఇంట్లో ఆరేళ్ళుగా తనను మన అమ్మాయి అనుకున్నారు. అనుకున్న మనిషి ఇప్పుడు లేదు. ఆమె కళ్ళు నిండిపోయాయి. ముద్ర కొట్టిన కార్డు సంగతి నోటిదాకా వచ్చింది. ఈ మాట ఇప్పుడు చెప్పడం కన్నా పాపం లేదనుకుని మింగేసింది.

"ఆవిడ పేరేంటండీ?" అంది మెల్లగా.

ఆయన చెప్పాడు. రెండక్షరాల పేరు.

"మంచి పేరండీ," అంది.

"అవునమ్మా," అన్నాడాయన. "ఉంటానమ్మా."

లైను తీసే మనిషి వచ్చేసరికి ఆమె సంచి సర్దుకుని నిలబడి ఉంది. డబ్బా, గొడుగు, తుడిచే గుడ్డ. టూత్‌బ్రష్షు కూడా సంచిలో వేసుకుంది. అతను తీగలు పీకుతుంటే చూడలేక బయటికి నడిచింది. హాల్లో తెరమీద అంకెలు మారుతున్నాయి. కౌంటరు గుమాస్తా పిలిచి, "అక్కా, నీ రోగి రాలేదా?" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపి ముందు గుమ్మం మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఖాళీ బల్లమీద అద్దం కింద, రేట్ల కాగితానికి చిల్లుపడ్డ చోట, పాత రేటు ముద్రతో ఒక కార్డు ఉండిపోయింది. పేరు దగ్గర గుండ్రటి అక్షరాలు రెండు. వాటిని ఆమె పెన్సిలుతో రాయలేదు, సిరాతో రాసింది.