పుచ్చుకునే ముఖం

"ఈ గుడ్డు పెట్టిన కోడి నీ వంట చూసిందంటే, ఈ జన్మలో మళ్లీ గుడ్డు పెట్టదు," అన్నాడు డ్వైట్.

అని, నమలడం ఆపి నా ముఖంలోకి చూశాడు. నేను పొయ్యి దగ్గర వాళ్లమ్మ కోసం బేకన్ వేయిస్తున్నాను. గరిటె పట్టుకునే వెనక్కి తిరిగాను. కనుబొమ్మలు పైకెత్తి, పెదవి ఒక పక్కకు లాగి, పెనం వైపు ఒకసారి, అతని వైపు ఒకసారి చూశాను.

అప్పుడు నవ్వాడు.

"పని చేస్తుంది. మోర్ట్‌కి చెప్పి ఇవాళే పెట్టిస్తాను. ఆ గరిటె కూడా గుర్తుంచుకో."

మా ఇంట్లో రోజూ ఇలాగే తెల్లవారుతుంది. ముందు నన్ను అంటాడు. నాకు తగిలితే దేశానికి నవ్వొస్తుందని అతనికి నమ్మకం. తగిలిందీ లేనిదీ నా ముఖంలో చూసుకుని, మోర్ట్‌కి మోసుకెళ్తాడు. మోర్ట్ మా టీవీ కార్యక్రమానికి నిర్మాత, రచయిత. 'పక్కింటి వాళ్లు వింటారు' దాని పేరు. అందులో డ్వైట్ చెప్పుల కొట్టు యజమాని. లోరీ అనే నేను అతని భార్య మిల్లీని. నేను వండుతాను, అతను వంక పెడతాడు. నేను కొత్త గౌను వేసుకుంటాను, సోఫాకి కొత్త గలీబు బాగుందంటాడు. దేశమంతా వారానికి ఒక సాయంత్రం కూర్చుని చూస్తుంది. వీధిలో కనబడితే డ్వైట్ భుజం తడతారు. నన్ను చూసి, పాపం మిల్లీ అని నవ్వుతారు.

మా పనిలో దీనికి ఒక మాట ఉంది, పుచ్చుకోవడం. ఒకరు అంటారు, ఒకరు పుచ్చుకుంటారు. చూసేవాళ్లకు తెలియని సంగతేమిటంటే, నవ్వు అన్నవాడి మాటకు రాదు, పుచ్చుకున్నవాళ్ల ముఖానికి వస్తుంది. మాట పడ్డాక హాల్లో ఒక క్షణం ఏమీ ఉండదు. నవ్వచ్చా, నవ్వకూడదా అని అందరూ నా వైపు చూస్తారు. పరవాలేదు నవ్వండి, నాకేం కాలేదు అని నా ముఖం చెప్పాలి. చెప్పగానే కప్పు ఎగిరిపోయేలా నవ్వుతారు. ఆ నవ్వు తనదని డ్వైట్ అనుకుంటాడు. అతని తల్లి అనుకుంటుంది. పత్రికలవాళ్లు అనుకుంటారు. మొన్న బహుమతి చేత్తో పట్టుకుని, 'ఈ విద్య నాకు పుట్టుకతో వచ్చింది' అన్నాడు. నేను బల్ల దగ్గర కూర్చుని చప్పట్లు కొట్టాను.

పుట్టుకతో రాలేదు. నేను నేర్పాను. అతను ఇంటింటికీ తిరిగి అల్యూమినియం తలుపులు అమ్ముకునే రోజుల్లో నేను కొండల్లోని విడిది హోటళ్లలో ఒక్కదాన్నే మైకు ముందు నిలబడి నవ్వించేదాన్ని. అనేదాన్ని నేనే. పెళ్లయ్యాక జంటగా కట్టాం. మొదట్లో నేను అంటుంటే అతను పుచ్చుకునేవాడు. పుచ్చుకోవడం రాలేదు, ముఖం మాడ్చుకునేవాడు. జనం జాలిపడ్డారు. మాకు పని చూసిపెట్టే ఏజెంటు, "భార్య చేత మాటలు పడే మగవాణ్ణి చూస్తే హోటల్‌కి వచ్చినవాళ్లకు తిన్నది అరగదు. తిరగెయ్యండి," అన్నాడు. తిరగేశాం. ఎక్కడ ఆగాలో, ఏ మాట నొక్కాలో రాత్రుళ్లు కూర్చోబెట్టి నేర్పాను. తన మీద వేసుకోవాల్సిన మాటలన్నీ నా మీద వేయడం మాత్రం తనే నేర్చుకున్నాడు.

స్టూడియోలో శుక్రవారం జనం ముందు రెండుసార్లు ఆడతాం, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఇవాళ శుక్రవారం. సాయంత్రం ఆటకు ఛానెల్ పెద్దలు వస్తున్నారని డ్వైట్ వారం నుంచి కాలు నిలవకుండా తిరుగుతున్నాడు. వచ్చే ఏడాది కార్యక్రమం ఉంటుందా లేదా అన్నది వాళ్లు ఇవాళే తేలుస్తారు. అతని చొక్కా నేను ఇస్త్రీ చేశాను. అతని మాటలు కారులో నేను అప్పజెప్పించుకున్నాను. మధ్యాహ్నం కోడి జోకు వేశాడు. నేను గరిటెతో తిరిగి ముఖం పెట్టాను. జనం విరగబడి నవ్వారు.

రెండు ఆటల మధ్య మేడ మీద గదిలో భోజనం పెడతారు. అత్తగారు ఓపల్ ప్రతి శుక్రవారం వస్తుంది. ముందు వరసలో కూర్చుని, కొడుకు నోరు తెరవకముందే నవ్వడం మొదలుపెడుతుంది. ఆమె మాంసం ముక్కలు నేనే కోసిపెట్టాలి.

"చిన్నగా కొయ్యి అమ్మాయ్. నా పళ్ల సంగతి తెలీదూ," అంది. తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, "అవునూ, నువ్వు చచ్చిపోతున్నావటగా?" అంది.

"ఎవరు చెప్పారు అత్తయ్యా?"

"డ్వైటే. నీతో అనలేదూ? ఓరి దేవుడా, నేను నోరు జారానా ఏంటి!" నోరు జారినందుకు ఏమీ బాధపడలేదు. బంగాళాదుంప తీసుకుంది. "నొప్పేం ఉండదులే. వేసవి సెలవుల్లో పోతావట. ఎవరూ చూడరు. సెలవులయ్యాక వాడు పెళ్లాం పోయినవాడు. ఇల్లు చూసుకోడానికి ఓ కుర్రపిల్ల వస్తుంది. కాళ్లు బాగుంటాయట. అందరూ అలాగే చేస్తున్నారమ్మా. నువ్వు మాత్రం ఎన్నాళ్లని ఆ వంటింట్లో నిలబడతావు, నీ మోకాళ్లు కూడా బాగోవు కదా."

బల్ల అవతలి చివర డ్వైట్, మోర్ట్ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుంటున్నారు. నేను లేచి వెళ్లాను.

"మిల్లీ దేనితో పోతోంది?" అని అడిగాను.

మోర్ట్ ప్లేటులోకి చూశాడు. డ్వైట్ తల్లి వైపు చూసి పళ్లు కొరికాడు.

"ఇప్పుడా లోరీ? ఇంకాసేపట్లో ఆట పెట్టుకుని?"

"దేనితో పోతున్నానో తెలుసుకోవద్దా?"

"ఏదో ఒకటి. చెప్పం. జనం అలాంటివి అడగరు." గొంతు తగ్గించాడు. "పాత్ర పోతే నువ్వు పోతావా ఏంటి? ఇంట్లో ఉంటావు. హాయిగా ఉంటావు. అమ్మను చూసుకోవాలి కదా. పొద్దున్నే నాతో మాటలు సరిచూస్తావు, ఎప్పట్లాగే. నిన్నెవరు కాదన్నారు?"

అంటే జనం ముందు నన్ను చంపేసి, పొద్దున్న పొయ్యి దగ్గర మాత్రం బతికి ఉంచుకుంటాడు. కొత్త పిల్ల మీద వేయాల్సిన మాటలు కూడా ముందు నా మీదే వేసి చూసుకుంటాడు. వాటికి పుచ్చుకునే ముఖం నాది. తెర మీద కనబడే కాళ్లు ఆమెవి. నాకు ఏడుపు రాలేదు. రంగు చెరిగిపోతుందని కాదు. రాలేదంతే. సరేనన్నాను. అతని కాలరుకు అంటిన పులుసు మరక తుడిచాను. కిందికి దిగాను.

సాయంత్రం ఆటలో ఒక్క మాట మార్చలేదు, ఒక్క అడుగు తప్పలేదు. చివర్లో ఎవరికీ నా మీద వేలెత్తి చూపే సందు ఇవ్వకూడదని అనుకున్నాను. పెద్దలు ముందు వరసలో ఉన్నారు. నెరిసిన జుట్టు పెద్దాయన భార్యను కూడా తెచ్చాడు. వాళ్ల పక్కన ఓపల్.

డ్వైట్ బల్ల ముందు కూర్చుని కోడి మాట అన్నాడు.

నేను గరిటెతో తిరిగాను. అందరూ నా ముఖం వైపు చూశారు. నేను ఏమీ పెట్టలేదు. కనుబొమ్మ లేపలేదు, పెదవి లాగలేదు. పొద్దున్న లేచి మొగుడికి గుడ్డు వేసిపెట్టి ఆ మాట విన్న మనిషికి ముఖం ఎలా ఉంటుందో అలా ఉండనిచ్చాను. ఇన్నేళ్లుగా దాచుకున్న ముఖం అది. కెమెరా దాని మీదే ఉంది.

ఓపల్ ఒక్కతే నవ్వింది. హాల్లో ఆ ఒక్క నవ్వూ మోగి, సిగ్గుపడి ఆగిపోయింది.

డ్వైట్ తర్వాతి మాట కొంచెం గట్టిగా అన్నాడు. నా నడుము మీద. నేను గౌను నడుము పట్టీ సర్దుకున్నాను, అంతే. ఎవరో ఊపిరి పీల్చడం వినబడింది. ఆ తర్వాతది నా పుట్టింటివాళ్ల మీద. పై వరసల్లోంచి ఒక ఆడగొంతు, "సిగ్గులేదూ నీకు!" అంది. దానికి మాత్రం జనం నవ్వారు. డ్వైట్‌కి చెవుల దాకా ఎరుపెక్కింది.

మోర్ట్ పరుగెత్తుకొచ్చి దృశ్యం మళ్లీ తీద్దామన్నాడు. జనానికి ఏదో సర్దిచెప్పారు. దీపాలు సరిచేస్తుంటే డ్వైట్ నా చెవి దగ్గరకు వంగాడు.

"ఏం చేస్తున్నావే?"

"మీరు రాసినదే."

"ముఖం పెట్టు. నీకు దణ్ణం పెడతాను లోరీ, ముఖం పెట్టు."

దణ్ణం పెడతానని పెళ్లినాడు కూడా అనలేదు. చెమటకు రంగు కరిగి మెడ మీదికి కారుతోంది. తలుపులు అమ్ముకునేవాడి ముఖం మళ్లీ కనబడింది. ఎవరూ తలుపు తీయని ఇంటి ముందు నిలబడ్డట్టున్నాడు. జాలి కలుగుతుందేమోనని ఒక్క క్షణం చూసుకున్నాను. కలగలేదు. రెండోసారి కూడా అలాగే చేశాను. ఈసారి అతను జోకు మధ్యలోనే నా ముఖం కోసం వెతికాడు. వెతికేసరికి ఆగాల్సిన చోట ఆగలేకపోయాడు. నేర్పినదాన్ని కదా, ఎక్కడ విరుగుతుందో నాకు తెలుసు.

ఆట అయ్యాక పెద్దలు సెట్టు మీదికి వచ్చారు. ఎప్పుడూ డ్వైట్ చెయ్యి ముందు పట్టుకునే పెద్దాయన, దూరం నుంచే తల ఊపి మోర్ట్‌ను పక్కకు పిలిచాడు. అతని భార్య మాత్రం తిన్నగా నా దగ్గరకు వచ్చింది. నా చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"అడగకూడదేమో గానీ అడుగుతున్నానమ్మా," అంది. "ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడతాడా?"

డ్వైట్ గబుక్కున వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. వేళ్లు లోపలికి దిగాయి. "అబ్బే, ఇంట్లో ఈవిడదే రాజ్యమండీ! ఇవాళ మా లోరీకి ఒంట్లో కాస్త నలతగా..." అంటూ నా వైపు చూశాడు. మిగతాది నేను నవ్వుతూ పూర్తి చేయాలి. పెద్దాయన, మోర్ట్ కూడా మాట్లాడటం ఆపి ఇటు చూస్తున్నారు.

నేను అతని చెయ్యి భుజం మీంచి తీసేశాను.

"ఇంట్లో ఇంకా చాలా అంటాడండీ," అన్నాను. "వాటిలో మీరు నవ్వగలిగినవి మాత్రమే ఏరి ఇక్కడికి తెస్తాడు."