దుప్పి దారి మళ్లిన సాయంత్రం

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ గోడలు లేస్తున్న ఏడాది. చెరకు రైతులంతా అటే చూస్తున్నారు. రెంజల్‌లో నా బెల్లం గానుగకు మిగిలిన రైతు ముత్తన్న ఒక్కడే. ఆ సాయంత్రం అతని మంచె మీద, మా ఇద్దరి మధ్య, అడవిని కాసే జంగ్లాత్ జవాను హన్మాండ్లు కాళ్లు చాపి కూర్చున్నాడు. ముత్తన్న దుప్పులకు ఉచ్చు పెట్టాడని ఎవరో చాడీ చెప్పారట.

"కంచెంత ఎతుకుడు నాతోని గాదు," అన్నాడు జవాను. "అవే వచ్చి సూపెడ్తయి. దుప్పి రోజు వచ్చే దారి ఇడువది. ఉచ్చు గాడనే ఉంటది."

ముత్తన్న భార్య ఈరవ్వ మంచె కింద కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఉచ్చు దొరికితే ముత్తన్నకు జైలు, తోట బీడు.

ఉచ్చు పడమటి కంచె కంతలో ఉందని నాకు తెలుసు. ఆకులు కప్పి ఉంది గాని, విప్పబోతే మంచె మీంచి సూటిగా కనిపిస్తుంది.

నేను వ్యాపారిని. దుప్పిని గిరాకీలాగే లెక్కేస్తాను. పగలంతా గుట్ట తుప్పల్లో పడుకుంటుంది. పొద్దు వాలితే వాగులో నీళ్లు తాగి అదే కంతలోంచి వస్తుంది. తరిమినా తావు విడిచిపోదు, చుట్టు తిరిగి అక్కడికే చేరుతుంది. అలవాటైన గుమ్మంలో మనిషి వాసన తగిలి జంకితేనే పక్క దుకాణం చూస్తుంది. పక్కనున్నది నా మడి, వచ్చే ఏటి విత్తనానికి అట్టేపెట్టిన చెరకు.

విత్తనం పోతే మళ్లీ కొనొచ్చు. ముత్తన్న పోతే గానుగే ఆగుతుంది. చెంబు అందుకున్నాను.

"ఇప్పుడే వస్త జవాన్ సాబ్."

"పో సేటు. గాలి గుట్ట దిక్కే పోతున్నది, మాకేం ఫికర్ లేదు."

కంత పక్కన తుప్ప చాటుకు పోయి, చెమటకు తడిసిన కండువా తీసి కొమ్మకు తగిలించాను. తిరిగొచ్చి మంచె ఎక్కాను.

"కండువ ఏది సేటు?"

"ఖరాబైంది. ఆడనే పారేసిన."

జవాను ముక్కు చిట్లించి గుట్ట వైపు చూపు తిప్పాడు.

పొద్దు కుంకుతుండగా తుప్పల్లోంచి ఒక దుప్పి తల లేచింది. వెనక మరో రెండు. మొదటిది కంత ముందుకొచ్చి ఆగింది. ముందుకాలు నేలకేసి కొట్టింది. ఇంకో అడుగు వేసింది. అది మెడ చాచి గాలి వాసన చూసి, తోక ఎత్తి పక్కకు మళ్లింది. మూడూ కంచె వెంబడి పోయి, నా మడి మూలన కంప పలచగా ఉన్నచోట లోపలికి దూకి చెరకు నడిమికి దూరాయి.

జవాను దిగి ఆ మూలంతా కర్రతో గెలికి చూశాడు.

"ఉచ్చు లేదు, ఏం లేదు. నీ పంటనే బొక్కుతున్నయి సేటు," అని నవ్వి, గట్టు మీదుగా ఊరి దారి పట్టాడు.

వెంటనే నా మడిలో చెరకు ఫటఫటా విరగసాగింది. ముత్తన్న వడిసెల పట్టుకుని లేచాడు.

"కూసో," అన్నాను.

"నీ ఇత్తనమంత పోతది సేటు."

"తరిమితే యాడికి పోతయి? భయానికి పాత కంతకే ఉరుకుతయి. ఉచ్చుల పడి అరిస్తే జవాను ఎనుకకు మర్లుతడు."

"అయితే ముందు ఉచ్చన్న ఇప్పుకొస్త."

"ఆయన ఇంక గట్టు మీదనే ఉన్నడు. వాగు దాటనీ."

ఈరవ్వ మంచె ఎక్కి మా పక్కన కూలబడింది.

"కడుపు నిండ తింటున్నయి," అంది గొంతు తగ్గించి.

జవాను తలపాగా వాగులోకి దిగేదాకా ముగ్గురం కదలకుండా వింటూ కూర్చున్నాం.