భుజం బెణుకు

హెడ్మాస్టరుగారికి ఆ పొద్దున మళ్లీ సముద్రం అడుగుకు వెళ్లే అవసరమే లేదు. ముందురోజే గాలి సిలిండరు వీపుకు తగిలించుకుని రెండుసార్లు దిగాడు, కళ్లారా చేపల్ని చూశాడు. అంతటితో ఊరుకుంటే ఏం పోయేది? ఊహూ. "ఇంకొక్క మునకేసి వచ్చేస్తానే" అన్నాడు భార్యతో.

పడవ మీద ట్రైనర్ అడిగాడు. "తిరుగు ప్రయాణం ఎప్పుడు సార్? నీళ్లలోకి దిగిన రోజే విమానం ఎక్కకూడదు. లోతులో ఒంట్లో చేరిన గాలి పైకెళ్తే బుడగలు కడుతుంది. మనిషి పడిపోతాడు."

"రేపు సాయంత్రం" అన్నాడు ఈయన, తడుముకోకుండా. బడిలో పిల్లలు అబద్ధమాడితే గోడకుర్చీ వేయించే మనిషి! ప్రయాణం ఆ సాయంత్రమే. పక్కనే ఉన్న భార్యకూ తెలుసు. నలుగురిలో మొగుణ్ణి ఏం తీసిపారేస్తామని నోరు మూసుకుంది.

గదికి వచ్చాక కుడి భుజం లాగుతోందన్నాడు. సిలిండరు మోసినందుకు బెణికిందని తనే తేల్చేశాడు. ఆమె మందు రాసి గట్టిగా రుద్దింది. ఎంత రుద్దినా నొప్పి ఏమాత్రం తగ్గలేదు. టాక్సీలో కాళ్లు తిమ్మిరెక్కాయన్నాడు. విమానాశ్రయంలో బాత్రూముకు వెళ్లి చాలాసేపటికి బయటికొచ్చాడు.

"ఎంతసేపు నిలబడ్డా రాలేదే. నీళ్లు సరిగ్గా తాగలేదు, అందుకే" అని నవ్వాడు.

ఆమెకు పడవ మీద విన్న మాటలు గుర్తొచ్చాయి. అప్పటికప్పుడు ట్రైనర్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేసింది. అతను గబగబా చెప్పాడు.

"అమ్మా, ఆయన్ని విమానం ఎక్కనివ్వకండి. అక్కడి డాక్టర్ని పిలిచి ముందు ఆక్సిజన్ పెట్టించండి. ఆలస్యమైతే కాళ్లు చచ్చుబడిపోతాయి. ఎక్కితే ప్రాణానికే ముప్పు."

ఆ మాట వింటే కదా ఈ మహానుభావుడు! "ఒంట్లో బుడగలేంటే, నేనేమన్నా సోడా సీసానా? రేపు పరీక్షలు. ప్రశ్నపత్రాల బీరువా తాళాలు నా జేబులో ఉన్నాయి. వెళ్లక చస్తానా?"

"ఏవండీ, మీ కాళ్లు పట్టుకుంటాను. ఈ ఒక్కసారికి నా మాట వినండి."

"నీకన్నీ భయాలే" అంటూ గోడకు ఆనుకుని తమ విమానం సంగతి ఎదుటి బోర్డులో వెతకసాగాడు. ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. ఈ మొండిఘటాన్ని ఎలా ఆపాలో తోచక, ముందు సామాను వెనక్కి తిప్పేద్దామని పెద్ద పెట్టెను విసురుగా లాగింది. అది ఒరిగిపోయి, దాని ఇనప మూల ఆయన చెప్పులోంచి బయటికున్న బొటనవేలి మీద ధభీమని పడింది.

"అయ్యయ్యో!" అంది ఆమె.

"ఏమైంది?" అన్నాడు, బోర్డు మీంచి చూపు తిప్పకుండానే. "అదిగో, మనదే. పిలుస్తున్నారు, పద."

పెట్టె పక్కకు నెట్టి చూసింది. గోరు లేచిపోయి రక్తం చెప్పులోకి కారుతోంది. ఆమె అక్కడే నేలమీద కూలబడి, ఆ వేలిని రెండు చేతులతో పట్టుకుని బలంకొద్దీ నొక్కింది. ఆయన కాలు కాస్తయినా వెనక్కి తీసుకోలేదు.

"డాక్టర్ని పిలవండి! ఎవరైనా డాక్టర్ని పిలవండి!" అని ఆమె గావుకేక పెట్టింది. జనమంతా తిరిగి చూశారు.

"ఏంటే ఆ అరుపులు, పరువు తీస్తున్నావు" అంటున్నాడు ఆయన పైనుంచి. "లే, ఆలస్యమవుతోంది."