చదివి వినిపించడమైనది

వెనక సీట్లో కూర్చున్నా బెల్టు పెట్టుకోవాలట, పెట్టుకునేదాకా ఈ కొత్త కారు టింగు టింగుమని ఒకటే గోల, మేడమ్ బెల్ట్ లగా లీజియే అని డ్రైవరు అద్దంలోంచి రెండోసారి అన్నాడు, హా భయ్యా అంటూ లాగి బిగించుకుంది ఇంద్రాణి, గోల ఆగింది, ఆగాక మిగిలిన నిశ్శబ్దం ఇంకా ఇబ్బందిగా ఉంది, బెల్టు అనగానే సింహాద్రి నడుం గుర్తొస్తుంది మరి, పదకొండేళ్ళయినా అదే, ఆస్పత్రి స్ట్రెచరు మీద దుప్పటి ఓ పక్కకి తొలగి, నడుముకి గట్టిగా బిగించిన సేఫ్టీ బెల్టు, దాని కొక్కెం దేనికీ తగలకుండా కిందికి వేలాడుతూ, ఆ కొక్కేన్ని తను ఈ కళ్ళతోనే చూసింది, చూసిన రోజే బెల్టు ఇచ్చినా కట్టుకోలేదని కాగితం రాయించింది, దాని మీద సింహాద్రి పెళ్ళాం జోగమ్మ చేత వేలిముద్ర వేయించింది, ఇవాళ భిలాయిలో సెక్టర్ నాలుగు తెలుగు సంఘం వాళ్ళు చేసే సన్మానంలో తనకి శాలువా కప్పేది ఆ జోగమ్మేనట, కార్యదర్శి రామమోహనరావు గారు నిన్న ఫోన్లో ఎంత సంబరంగా చెప్పాడు, ఒకావిడ మన హాల్లో వంటకొస్తాదండి, నానే కప్పుతానని పట్టు పట్టీసింది మేడమ్, ఎప్పుడో వాళ్ళాయనకి పోయిన పని మీరే తిరిగి ఇప్పించేరంట కదా, కమిటీలో మేమందరం సరే అనీసేము, ఏటంటారు, అని అడిగితే వద్దనొచ్చు కదా, ఏదో వంక చెప్పొచ్చు, సంతోషమండీ అంది, అన్నాక రాత్రంతా ఒకటే మాట, చెప్పాలి, శాలువా భుజం మీద పడకముందే చెప్పాలి.

పని తిరిగి ఇప్పించిన మాట అబద్ధం కాదు, అప్పటికి తను దుర్గ్ కోర్టులో నల్లకోటు లాయరు, రోలింగ్ మిల్లులో నాన్నకి మూడు షిఫ్టులు, ఆ క్వార్టరు వంటింట్లో గిన్నెల చప్పుడు మధ్య చదువుకున్న లా, సీనియరు లక్ష్మీప్రసాద్ గారు కోర్టు పక్క రేకుల షెడ్డు కింద స్టూలేసుకుని కూర్చునేవారు, ఏ కాగితమైనా కక్షిదారుకి గట్టిగా చదివి వినిపించాకే వేలిముద్ర, దాని కింద చదివి వినిపించడమైనది, అర్థమైనదని చెప్పినారు అని రాసి మన సంతకం, అది ఆయన పట్టింపు, బుర్రలో సదివీకమ్మా, బయటికి సదువు, అని కసిరేవారు, హిందీలో టైపయిన దాన్ని వలసొచ్చిన కూలీల శ్రీకాకుళం మాటల్లోకి తిప్పి తను చదువుతుంటే జనం చుట్టూ చేరేవాళ్ళు, ఏటమ్మా ఆ ముక్క మళ్ళీ సదువు, అన్న ముసలాయన కూడా ఉన్నాడు, తనమీద రాసిన పొగడ్త రెండోసారి వినాలని, అందరూ ఒకటే నవ్వు, కంపెనీ గెంటేసిన పన్నెండుమందిని కేసు గెలిచి తిరిగి పనిలో పెట్టించింది, అందులో సింహాద్రి ఒకడు, తీర్పు రోజు కోర్టు మెట్ల మీద ఒక చుట్టు చిందేసి, మా లాయరమ్మ నోరు సల్లగుండ అన్నాడు, ఆ నోరే కావాలని ఏడాది తిరక్కుండా ఆ కంపెనీ సేఠ్‌జీ కబురు పెట్టాడు, లోపల ఉంటే ఇంకా మంచి చెయ్యొచ్చు అనుకుంది, నిజంగానే అనుకుంది, ఇప్పుడెవరికి చెప్పినా నమ్మరు గానీ, మొదట న్యాయ సలహాదారు, తర్వాత మొత్తం మనుషుల వ్యవహారాలు తన చేతికి, ఆ తర్వాత డైరెక్టరు, పేపర్లో ఫోటో, కాలేజీల్లో ఉపన్యాసాలు, ఆడపిల్లలు లేచి నిలబడి మేడమ్ మీలా అవ్వాలంటే ఏం చెయ్యాలి అని అడగడం, ఏం చెయ్యాలో చెప్పింది, ఏం చెయ్యకూడదో ఒక్కనాడూ చెప్పలేదు.

దారిలో కుమ్హారి ఊరు దాటుతుంటే ఎడమవైపు కంపెనీ షెడ్డు, చూడకూడదనుకుంటూనే చూసింది, వానలు పడేలోపు పైకప్పు రేకులు మార్చాలి కదా, నడి కప్పు మీద మనుషులు నువ్వుగింజల్లా కదులుతున్నారు, అలాంటి జూన్ నెలే, పాతరేకు విరిగి సింహాద్రి కిందికొచ్చేశాడు, ఆస్పత్రికి చేరేలోపే పోయాడు, బెల్టు ఉంది, కొక్కెం ఉంది, కొక్కెం తగిలించడానికి కప్పు పొడవునా కట్టాల్సిన ఇనపతాడు లేదు, అంతే, అది కంపెనీ తప్పని రాస్తే షెడ్డుకి తాళం పడుతుంది, సాయంత్రంలోగా ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకి కాగితం అందాలి, అయిదింటికి రాయ్‌పూర్‌లో తనని డైరెక్టరుగా తీసుకునే మీటింగు, ఆస్పత్రి వరండాలో జోగమ్మ భుజం మీద నాలుగు నెలల పిల్ల, పాలకోసం ఏడుస్తోంది, బొటనవేలు ఇవ్వడానికి చెయ్యి ఖాళీలేదు, ఇటియ్యి అని పిల్లని తనే ఎత్తుకుంది, ఎంత వెచ్చగా ఉందో ఆ పిల్ల, తన మెడలోకి ముఖం దూర్చి పాలు వెతుక్కుంది, ఏటి రాసున్నాదమ్మా అని జోగమ్మ అడిగింది, ఏం లేదు, ఇన్‌స్పెక్టరు గారికి ఇవ్వాలి, నేను చూశాను అంది తను, నువ్వు సూసినావు కదా, సాల్లే, అని జోగమ్మ సిరాలో వేలు ముంచింది, పిల్లని తిరిగి తీసుకునేటప్పుడు ఆ సిరా పిల్ల బుగ్గకి అంటుకుంది, చదివి వినిపించడమైనది, దాని కింద ఇంద్రాణి, తేదీ, ఇన్‌స్పెక్టరు ఫైలు మూసేశాడు, తాడు మాట ప్రతి ఏడూ మీటింగు కాగితాల్లో చివరి వరసలో వచ్చేది, వచ్చే ఏడు చూద్దాం అనేవాళ్ళు, సరేనని తనూ చెయ్యి ఎత్తేది.

హాలు ముందు కారు ఆగగానే దండలు, ఫోటోలు, రామమోహనరావు గారి పరుగులు, ముఖ్య అతిథి గారు ఇంకో పావుగంటలో వచ్చేస్తారు మేడమ్, అంతవరకు లోపల కూర్చోండి, ఫ్యానేసి ఉన్నాది, లోపలి గదిలో శాలువా పళ్ళెం పట్టుకుని జోగమ్మ, జుట్టు తెల్లబడింది, కట్టుకున్నది కొత్త చీర, మడతలింకా పోలేదు, లాయరమ్మా సిక్కిపోనావేటి, డైరెట్రంటే తిండెట్టరా, అని నవ్వింది, పక్కన రెండు జడల పిల్ల, అమ్ము, దీదీకి నమస్తే సెప్పవే, నీకు నాలుగు నెల్లప్పుడు ఎత్తుకున్నాది ఈ అమ్మే, పిల్ల నమస్తే మేడమ్ అని హిందీ యాసలో అని బల్ల మీది బిస్కట్టు పొట్లం వైపు చూసింది, ఆ బుగ్గ మీద ఏ మచ్చా లేదు, ఉంటుందా ఎక్కడైనా, అయినా ఇంద్రాణి వెతికింది, చెప్పాలి, ఇప్పుడే, జోగమ్మా నీతో ఒక మాట, అని మొదలెట్టేలోపు ఆవిడే, ఓలమ్మో నీకు సెప్పనేదు కదూ, మా కుర్రోడు సినబాబు నీ కంపినీలోనే సేరినాడమ్మా, గుత్తేదారు దగ్గర, పది దినాలయ్యింది, పైన రేకుల పని, నాకు గుండెల్లో దడే గానీ, లాయరమ్మ ఉన్నాదిరా, ఎల్లు, అన్నాను, వాల్ల నాన్న బెల్టు దాసి ఉంచినాను, ఆస్పత్రోలు బట్టల్తో పాటు ఇచ్చినారు సూడు, అదే ఇచ్చినాను, రోజూ అదే కట్టుకుని ఎక్కుతాడు, ఈయేల కూడా ఎక్కే ఉంటాడు, సెలవెక్కడిది, మరి కొక్కెం తగిలించడానికి పైన తాడు కట్టించినావు కదమ్మా, నువ్వున్నావు కదా.

నువ్వున్నావు కదా, ఆ మాట చెవిలో ఉండగానే చెయ్యి ఫోన్ మీదికి పోయింది, ఫ్యాక్టరీ మేనేజరు గిరీష్, గుడ్ మార్నింగ్ మేడమ్, సన్మానం అయిపోయిందా, గిరీష్, రూఫ్ మీదున్న వాళ్ళందర్నీ ఇప్పుడే దింపు, మేడమ్ అందరూ బెల్టులు కట్టుకునే ఉన్నారు, అవును, కట్టుకునే ఉంటారు, నాకు తెలుసు, దింపు, తాడు కట్టేదాకా ఒక్కడూ ఎక్కకూడదు, వానలొస్తే సరుకు తడుస్తుంది మేడమ్, సేఠ్‌జీకి ఏం చెప్పను, నేను చెబుతాను, చినబాబు అనే కుర్రాడు దిగాక ఈ ఫోను వాడికియ్యి, అంది, లైను కట్ చెయ్యలేదు, చెవికి ఆనించుకునే నిలబడింది, ఎదురుగా జోగమ్మ ముఖంలోంచి నవ్వు కొంచెం కొంచెంగా జారిపోతోంది, ఏటమ్మా, తాడు నేదా, అని చిన్నగా అడిగింది, ఫోన్లో ఎవరో రొప్పుతూ, హలో మేడమ్, మై చినబాబు, నీచే ఆ గయా, క్యా హువా, అన్నాడు, ఏం లేదు నాన్నా, దిగావుగా, కిందే ఉండు అంది, జోగమ్మ చేతుల్లోంచి శాలువా పళ్ళెం తీసి బల్ల మీద పెట్టింది, కూర్చో జోగమ్మా, నీచేత ఒక కాయితం మీద ఏలు ఏయించినాను, అది సదవనేదు, ఇప్పుడు సదువుతాను, ఇను, తన నోట్లోంచి ఆ పాత మాటలు ఎన్నేళ్ళకో, కాగితం చేతిలో లేదు, అక్కర్లేదు, చెప్పి రాయించింది తనే, నా మొగుడు సింహాద్రికి కంపినీవోలు బెల్టు ఇచ్చినారు, జాగర్తలు సెప్పినారు, అయినా అతగాడు బెల్టు కట్టుకోకుండా, అక్కడ నోరు ఆగిపోయింది, ముందుకు పోదు, కట్టుకున్నాడు కదమ్మా, అంది జోగమ్మ, కోపంగా కాదు, ఎవరో లెక్క తప్పు చెబితే సరిదిద్దినట్టు, కట్టుకున్నాడు కదా, బయట మైకులో తన పేరు, న్యాయవాదిగా మొదలై, అంటున్నారు, చప్పట్లు, అప్పుడు తెలిసింది ఇంద్రాణికి, అయిదింటి మీటింగు వల్ల చదవలేకపోయానని పదకొండేళ్ళూ తనకి తను చెప్పుకుంది, కాదు, ఆ కాగితానికి రెండు నిమిషాలు చాలు, జోగమ్మ మాటల్లో, బయటికి, గట్టిగా చదివి ఉంటే ఇదిగో ఈ ముక్క దగ్గరే తన నోరు ఆగిపోయేది, అది తనకి ఆ వరండాలోనే తెలుసు, పిల్ల తన మెడలో ముఖం దాచుకుని ఏడుస్తున్నప్పుడే తెలుసు, చదవనిది జోగమ్మకి వినపడకూడదని కాదు, టైము లేకా కాదు, తనకి వినపడకూడదని.